ఊరి పార్టీ శాఖకు ఎన్నికలెప్పుడు?



ఓట్ల పండుగ వచ్చినపుడు తప్ప ప్రజలకు రాజకీయములు పట్టవని మన నాయకులు తఱచుగా అనుచుందురు. ఈ మాట నాకు సమ్మతము కాదు. పట్టించుకొనుటకు వలసిన చోటు ప్రజలకు లేకుండ పోయినదనియు, ఆ చోటు కావలసిన పార్టీ గ్రామశాఖ నేడు పైవారి ఆజ్ఞలను క్రిందికి చేరవేయు ఠాణాగా మాత్రమే మిగిలినదనియు, అది తన సభ్యులు ఓటు వేసి ఎన్నుకొన్న సంఘముగా మాఱనంతవఱకు రాష్ట్ర రాజకీయములలో ఊరికి మాట దక్కదనియు మనవి చేయుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

మా బాపట్ల జిల్లాలో ఏ ఊరి కూడలికి పోయినను రెండు మూడు పార్టీల జెండా దిమ్మలు కనిపించును. నాయకుల జన్మదినములకు అచ్చట ఫ్లెక్సీలు లేచును, కేకులు కోయబడును, వర్ధంతులకు పూలదండలు పడును. ఇక సభ్యత్వ నమోదు జరుగు తీరు చూడుడు. టీకొట్టు ముందర ఒక యువకుడు సెల్‌ఫోను చేతబట్టుకొని నిలుచుండును. వచ్చినవాని పేరును, ఓటరు కార్డు సంఖ్యను అడిగి, ఫోటో తీసి, ఓటీపీ చెప్పించుకొని, రుసుము పుచ్చుకొని, ప్రమాదబీమా ఇంత వచ్చునని చెప్పి పంపివేయును. పని నిముషములలో ముగియును. బీమాను నేను తప్పుపట్టను. కూలివాని కుటుంబమునకు అది నిజముగా అక్కఱకు వచ్చునదే. కాని సభ్యులందఱు కూర్చుండు సమావేశము ఎప్పుడు, శాఖాధ్యక్షుని ఎన్నుకొనుటలో నా ఓటు ఎక్కడ అని ఆ క్రొత్త సభ్యుడు అడిగినచో బదులు చెప్పగలవాడు ఆ చుట్టుపట్ల నుండడు. శాఖాధ్యక్షుడు నియోజకవర్గపు ఇన్‌ఛార్జి ఇచ్చిన నియామకపత్రముతో అధ్యక్షుడగును. ఆ ఇన్‌ఛార్జి రాజధాని నుండి వచ్చిన మఱియొక పత్రముతో ఇన్‌ఛార్జి యగును. అధికారము పైనుండి క్రిందికి దిగుచున్నదే కాని క్రిందినుండి పైకి ఎక్కుట లేదు.

ఈ పద్ధతి మన నేలకు అనాదిగా ఉన్నది కాదు. 1920లో నాగపూరు మహాసభయందు కాంగ్రెసు తన నిబంధనావళిని మార్చుకొని, నాలుగణాల చందా కట్టినవానిని సభ్యునిగా చేర్చుకొని, స్థానిక సంఘముల నుండి రాష్ట్ర సంఘము వఱకు మెట్టుమెట్టుగా నిర్మాణము చేసికొన నిశ్చయించినది. మఱుసటి యేడు మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము కోటిమంది సభ్యులను, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలను, ఇరువది లక్షల రాట్నములను జూను నెలాఖరులోగా సమకూర్చవలెనని తీర్మానించినది. సంఖ్య నాడును లక్ష్యమే. కాని చేరిన సభ్యునికి చేయవలసిన పని యుండెను.

ఆ యేడే మా చీరాలలో జరిగినది ఇచ్చటి పిల్లలకైనను సరిగా తెలియకపోవుట నన్ను బాధించుచుండును. చీరాల, పేరాల గ్రామములను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నుల భారము పెంచిన ప్రభుత్వముపై అలిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాది జనులు తమ యిండ్లు విడిచి, పొలిమేర దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని, దాదాపు 11 నెలలు ఎండకును వానకును ఓర్చి నివసించిరి. రామదండు అను స్వచ్ఛందసేవకుల బృందము వారికి అండగా నిలిచినది. నేతగాండ్రు, కూలీలు, వర్తకులు ఒకచోట కూర్చుండి తర్కించుకొని తీసికొన్న నిర్ణయమగుటచేతనే ఒక ఊరి పన్ను తగాదా మద్రాసు ప్రభుత్వమునకు తలనొప్పియై, దేశమంతట చర్చనీయమైనది. తెలంగాణమున ఆంధ్రమహాసభ 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో ఆరంభమై, కాలక్రమమున పల్లెపల్లెకు దిగి, సామాన్యుల నోట ‘సంగము’ అను పేర స్థిరపడుట వెనుకను ఇదే రహస్యము కలదు: సంఘములో కూర్చుండినవానికి మాటాడు హక్కు ఉండెను.

నేటి ఉదాహరణ ఒకటి చెప్పెదను. కృష్ణా పశ్చిమ డెల్టాలోని కొమ్మమూరు కాలువ చివరి భూములకు సకాలమున నీరందుట లేదని మా ప్రాంతపు రైతులు తఱచుగా మొరపెట్టుకొందురు. కాలువ పూడిక తీయుటకు డబ్బు మంజూరు చేయవలసినది రాష్ట్ర ప్రభుత్వము. ఎప్పుడు ఎంత నీరు వదలవలెనో నిర్ణయించునది జలవనరుల శాఖ. ఆ రెండింటిని ప్రశ్నింపవలసినది శాసనసభ. అనగా ఇది పేరునకు పొలముగట్టు సమస్య, నిజమునకు రాష్ట్ర రాజకీయము. గ్రామశాఖలు బ్రదికియున్నచో కాలువ పొడవునగల ఊళ్ల సభ్యులు తీర్మానములు చేసి మండలశాఖకు పంపుదురు; మండలశాఖలు జిల్లాసంఘమున తగవు పెట్టుకొనును; అచ్చట ఎగువ ఊళ్లవారును దిగువ ఊళ్లవారును ఒకే పార్టీ సభ్యులుగా ముఖాముఖి వాదించుకొని ఒక పంపకమునకు రాకతప్పదు. ఇప్పుడు జరుగుచున్నదేమి? నలుగురు రైతులు అర్జీ పట్టుకొని శాసనసభ్యుని యింటిముందర నిలుచుందురు. ఆయన ఫోనులో ఒక ఇంజనీరును కోప్పడును. ఆ వారము నీరు వచ్చును, పై వారము రాదు. హక్కుగా అడుగవలసినదానిని దయగా పుచ్చుకొనుటకు రైతును అలవాటు పఱచితిమి.

అభ్యర్థుల ఎంపిక మాట చెప్పనక్కఱలేదు. శాసనసభకు ఎవరిని నిలుపవలెనో ఆ నియోజకవర్గపు సభ్యులలో ఒక్కరికిని ఓటు లేదు. నామినేషన్ల తుది దినమున మధ్యాహ్నము మూడు గంటలలోగా బీ-ఫారము చేరినవాడే పార్టీ అభ్యర్థి. అది చివరి గడియలో చేతులు మాఱిన సందర్భములు పాఠకులెఱుగుదురు. ఈ మధ్య ఫోనులో యంత్రస్వరము పలికి, ఫలానావారు కావలెనన్న ఒకటి నొక్కుడు, మఱియొకరు కావలెనన్న రెండు నొక్కుడు అని ప్రజాభిప్రాయము సేకరించుట మొదలైనది. ఫలితము ఎవరును చూడని ఆ లెక్కను సంప్రదింపు అనుట కల్ల. పదిమంది ఎదుట నిలిచి, నేను ఈ ఊరికి ఈ పని చేసితిని, ఇక ముందు ఇది చేయుదును అని అభ్యర్థి చెప్పుకొని, ప్రశ్నలకు బదులిచ్చి, రహస్యపు ఓటుతో నెగ్గినప్పుడే అది ఎంపిక.

పార్టీలలో ఎన్నికలు పెట్టినచో వర్గములు పెచ్చుపెరుగునని పెద్దలు కొందఱు భయపడుదురు. వర్గములు ఇప్పుడు లేవా? బీ-ఫారము దక్కనివాడు రాత్రికి రాత్రి కండువా మార్చుటయు, లేదా తిరుగుబాటు అభ్యర్థిగా నిలుచుటయు మనము చూచుచున్నదే కదా! నియమబద్ధముగా ఓడినవాడు తన ఓటమికి కారణము తెలిసికొని మఱుసటిసారికి సభ్యులను కూడగట్టుకొనును. ఆజ్ఞచే త్రోసివేయబడినవాడు పగతో వెడలిపోవును. పల్లెలకు పార్టీలే వలదనువారును కలరు. జయప్రకాశ నారాయణుగారి వంటి మహనీయుడు పార్టీరహిత ప్రజాస్వామ్యమును బోధించెను గనుక ఆ వాదమును నేను తేలికగా తీసివేయను. మన చట్టము కూడ సర్పంచి ఎన్నికను పార్టీ గుర్తులు లేకుండ జరుపుచున్నది. కాని ఫలితములు వచ్చిన మఱునాడు ఏ పార్టీ మద్దతుదారులు ఎన్ని పంచాయతీలు గెలిచిరో పత్రికలన్నియు పట్టికలు ప్రకటించును. మండల, జిల్లా పరిషత్తులకు గుర్తులతోనే పోటీ జరుగును. పార్టీలు బహిరంగముగానే పంచాయతీ ఎన్నికలలో పాల్గొనవలెనని 1978లో అశోక్ మెహతా సంఘము సూచించుట ఈ వాస్తవమును గుర్తించియే. ఊరిలో పార్టీ ఉండనే యున్నది. కావలసినది అది ఊరివారి అదుపులో నుండుట.

పంచాయతీల విషయమున మఱియొక మాట. ఆంధ్రప్రదేశమున 2018 ఆగస్టులో గడువు తీఱిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరి వఱకు ఎన్నికలు లేవు. తెలంగాణమున 2024 ఆరంభమున తీఱిన గడువుకు 2025 డిసెంబరున గాని ఎన్నికలు రాలేదు. ఆ నడుమ ఊళ్లను ప్రత్యేకాధికారులు ఏలిరి. అధికారపక్షమున ఉన్నవారు గాని, ప్రతిపక్షమున ఉన్నవారు గాని, తమ గ్రామశాఖలను కూడదీసి ఈ జాప్యమును ప్రతిఘటింపజేసినట్లు నేనెఱుగను. పైవారి నియామకముపై ఆధారపడిన శాఖ పైవారిని ఎట్లు ప్రశ్నించును?

చట్టమేమి చేయుచున్నది? ప్రజాప్రాతినిధ్య చట్టపు 29-ఏ నిబంధన ప్రకారము నమోదగు ప్రతి పార్టీయు ప్రజాస్వామ్యమునకు కట్టుబడుదుమని ఎన్నికల సంఘమునకు వ్రాసి ఇయ్యవలెను. కాని ఆ మాట తప్పినంత మాత్రమున నమోదు రద్దుచేయు అధికారము ఆ సంఘమునకు లేదని సుప్రీముకోర్టు 2002లో తీర్పు చెప్పినది. పార్టీల అంతరంగ ప్రజాస్వామ్యమునకు ప్రత్యేక నిబంధనలు చేయవలెనని 1999లోనే లా కమిషను తన 170వ నివేదికలో సిఫారసు చేసినను పార్లమెంటు దానిని పట్టించుకొనలేదు. కనుక శాసనము వచ్చువఱకు వేచియుండుట వ్యర్థము. సభ్యుల పట్టికను గ్రామశాఖ గోడపై అంటించుట, సంవత్సరమున కొకసారి జమాఖర్చులు చదువుట, అధ్యక్షుని ఓటుతో ఎన్నుకొనుట — వీనిలో ఏదియు చట్టము రావలసినంత గొప్ప పని కాదు. స్థానిక సంస్థలలో సగము స్థానములు స్త్రీలకు కేటాయించిన రాష్ట్రములలో గ్రామశాఖ సంఘములందును సగము చోట్లు వారికియుండవలెను. వారిని మహిళావిభాగమను ప్రక్కగదిలో కూర్చుండబెట్టుట చాలదు.

మీ పత్రికకు నా విన్నపమొకటి. సభ్యత్వము ఇన్ని లక్షలు దాటినదని పార్టీలు ప్రకటన ఇచ్చినప్పుడెల్ల, ఆ సభ్యులు ఏ ఊరిలో, ఏ తేదీన, ఎవరిని ఓటుతో శాఖాధ్యక్షునిగా ఎన్నుకొనిరో మీ విలేఖరులచేత అడిగించి, వచ్చిన బదులును ఆ ప్రకటన ప్రక్కనే ప్రచురింపుడు. పాఠకులారా, టీకొట్టు ముందర ఫోను పట్టుకొని నిలిచిన ఆ యువకుడు ఈసారి మీ ఓటీపీ అడిగినప్పుడు, సమావేశపు తేదీ చెప్పినగాని ఇయ్యకుడు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
చీరాల.