పేరా, పనితనమా?

“పెరటి చెట్టు మందునకు రాదు” అను సామెత గడియారముల విషయమునను నిజమగుచున్నది. జపానుదేశపు సీకో సంస్థవారు 1960వ సంవత్సరమున “గ్రాండ్ సీకో” అను శ్రేష్ఠమైన చేతిగడియారమును వెలువరించిరి. స్విట్జర్లాండు గడియారములకు దీటుగా నుండవలెననియే వారి సంకల్పము. అయినను విదేశములలోని గడియారప్రియులలో పెక్కుమంది దానిని చిరకాలము గుర్తింపరైరి. ఇందులకు కారణములు రెండు. 2010 వఱకు అది ముఖ్యముగా జపానులోనే అమ్ముడుపోవుచుండెను. మఱియు, సామాన్యులు ధరించు చవుక గడియారములపై నుండు “సీకో” అను పేరే దాని డయలుపైనను ముందుగా కనబడుచుండెను. ఎల్లరు నెఱిగిన పేరున గొప్ప యేముండునని రసికులు తలంచిరి. 2017లో గ్రాండ్ సీకోను ప్రత్యేకశాఖగా నేర్పఱచి, డయలుపై సీకో పేరును తొలగించిరి. పనితనము అంతకుముందును గొప్పదియే. చూచువారి కన్నులకు అడ్డమైనది పేరు.

కావున గడియారము కొనునపుడు పేరు నడుగుటకు ముందు, అది కాలమును సరిగా చూపునా, చెడినచో బాగుచేయువారు మన యూర గలరా యని విచారింపుడు. మఱియొక మాట: నిత్యము కంటి యెదుట మెలగు కోడలి నేర్పును, ఆడుబిడ్డ తెలివిని మన మిట్లే చులకన చేయుచున్నామేమో, ఎవరి యింట వారు చూచుకొనవలయును.