చారెడు కళ్లు... పోయాకేనా?

'ప్రతిభ ఉండాలే గానీ గుర్తింపు దానంతటదే వస్తుంది' అని పిల్లలకు ఎంత తేలిగ్గా చెప్పేస్తుంటామో! అమెరికాలో 'బిగ్ స్టార్' అనే పాటల బృందం కథ తెలిశాక ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.

1971లో మెంఫిస్ నగరంలో నలుగురు కుర్రాళ్లు మొదలుపెట్టిన బృందమిది. స్టూడియోకి దగ్గర్లోని సూపర్‌మార్కెట్ పేరునే తమకు పెట్టుకున్నారు. క్రిస్ బెల్, అలెక్స్ చిల్టన్ కలిసి పాటలు కట్టేవారు. చిల్టన్ అంతకుముందే, పదహారేళ్ల వయసులో, వేరే బృందంతో దేశంలోనే నంబర్ వన్ పాట పాడినవాడు. గిటార్లు ఎంత జోరుగా మోగినా, ఒక్కసారి వింటే రాగం నాలుక మీద నిలిచిపోవాలి. అలాంటి పాటల్ని 'పవర్ పాప్' అంటారు. వీళ్లవి అవే.

1972లో తొలి ఆల్బమ్ వచ్చింది. ధీమాగా 'నంబర్ వన్ రికార్డ్' అని పేరు పెట్టారు. పత్రికలు మెచ్చుకున్నాయి. తీరా చూస్తే కొట్లలో సరుకే లేదు! స్టాక్స్ కంపెనీకి పంపిణీ చేతకాలేదు. తర్వాత ఆ బాధ్యత తీసుకున్న కొలంబియా పట్టించుకోలేదు. పదివేల కాపీలు కూడా అమ్ముడుపోలేదు.

బెల్ కుంగిపోయి బృందం వదిలేశాడు. మిగతా ముగ్గురూ 1974లో తెచ్చిన 'రేడియో సిటీ'కీ అదే గతి. మూడో ఆల్బమ్ రికార్డు చేశాక కూడా అడిగే నాథుడు లేక 1978 దాకా మూలపడి ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో బెల్ కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి వాళ్ల కుటుంబం హోటల్లో పనిచేస్తున్నాడు. వయసు 27. బతికుండగా అతని పేరుతో వచ్చింది రెండు పాటల చిన్న రికార్డు ఒక్కటే. సొంత ఆల్బమ్ విడుదలైంది 1992లో!

2003లో 'రోలింగ్ స్టోన్' పత్రిక ఎంచిన 500 గొప్ప ఆల్బమ్‌లలో బిగ్ స్టార్‌వి మూడూ ఉన్నాయి. 'చచ్చినవాడి కళ్లు చారెడు' అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

మరి ఆ పాటలు ఎలా బతికాయి? దొరికిన రికార్డును దాచుకుని, నలుగురికీ వినిపించిన శ్రోతల వల్ల. 1986లో నలుగురు అమ్మాయిల బృందం 'బ్యాంగిల్స్', అవును, గాజులే, వీళ్ల 'సెప్టెంబర్ గర్ల్స్'ని తమ ఆల్బమ్‌లో పాడింది. అది లక్షల్లో అమ్ముడైంది. బిగ్ స్టార్ పాట అలా కొత్త చెవులకు చేరింది. 1993లో చిల్టన్ బృందాన్ని మళ్లీ నిలబెట్టి, 2010లో తాను చనిపోయేదాకా నడిపాడు. బెల్‌కి మాత్రం ఆ భాగ్యం లేదు.

అందుకే అంటున్నాను, గుర్తింపు దానంతటది రాదు. ఎవరో ఒకరు మోసుకొస్తేనే వస్తుంది. పక్కింటి అమ్మాయి బాగా పాడుతుందనీ, ఎదురింటావిడ కుట్టుపని అద్భుతమనీ మనసులో అనుకుని ఊరుకుంటాం. ఎందుకు ఊరుకోవాలి? ఆ మాట ఆమెతోనే అందాం. మరో నలుగురికి చెబుదాం. బేరమాడకుండా డబ్బిచ్చి కొందాం. మన మెచ్చుకోలు వినడానికి మనిషి ఉండాలి కదా!