కోయ పిల్లోడి మాటకు తెలుగులో మార్కులా?

పోస్టు పొడుగే, పూర్తిగా చదవండి.

మన దమ్మపేట గూడేల నుంచి బడికొచ్చిన పిల్లోడు రెండు నెలలు నోరు విప్పకపోతే ఏమంటారు? మొద్దు, మూగోడు, నత్తోడు. హాస్టళ్ళలో పెరిగిన మనలో చాలామందిమి ఈ మాటలు పడ్డవాళ్ళమే. ఆ పిల్లోడే ఇంటికి పోతే కోయలో గలగలా మాట్లాడతాడు. వాడికున్నది జబ్బు కాదు, తెలుగు ఇంకా రాలేదు అంతే.

ఇంకొకడుంటాడు. వాడికి కోయలో కూడా మాట రాదు. చెవి వినపడకపోవచ్చు, ఇంకేదైనా కావచ్చు. వాణ్ణేమో "కోయోళ్ళ పిల్లోడు కదా, తెలుగొస్తే వాడే మాట్లాడతాడు" అని వదిలేస్తారు. మాకు ఎక్కువ మండేది ఇక్కడే. వినికిడి లోపం చిన్నప్పుడే పట్టుకుంటే మాట వచ్చే అవకాశం ఎక్కువ. పోయిన ఆ ఏళ్ళు ఎవరు తెచ్చిస్తారు?

ఈ ఇద్దరినీ వేరుచేసి చెప్పే చదువే స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. మాటలో లోపం నిజంగా ఉంటే అది ఇంటి భాషలో కూడా కనపడాలి, అందుకే ఇంటి భాషలో పరీక్ష చేయాలి. గ్లాసులో నీళ్ళు చూపించి ఇదేంటి అంటే మన పిల్లోడు "ఏరు" అంటాడు. తెలుగొక్కటే తెలిసిన మనిషి, వాగు పేరు చెప్పాడనుకుని తప్పు వేస్తాడు. ఇక్కడ తప్పు ఎవరిది?

కాగితం మీద అన్నీ ఉన్నాయి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాట, భాష లోపాన్ని వైకల్యంగా గుర్తించింది. కానీ కోయ అర్థం కాని మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే మన పిల్లలకు ఒరిగేదెంత?

"ముందు తెలుగు నేర్పండి, అన్నీ సర్దుకుంటాయి" అనే పెద్దమనుషులకు మా జవాబు: చెవి వినపడని పిల్లోడికి తెలుగు నేర్పితే చెవులు వస్తాయా?

మన సంఘాలను కూడా అడగాలి. టీచర్ పోస్టుల జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేస్తే రోడ్డెక్కాం, ఎక్కాల్సిందే. మరి థెరపిస్టు పోస్టు పడితే అప్లై చేయడానికి మన గూడేల్లో ఎంతమంది ఉన్నారు? బైపీసీ చదివిన మన ఆడపిల్లలకు నర్సింగ్ తప్ప ఇంకో దారి ఉందని చెప్పినవాళ్ళెవరు?

దారి ఉంది. ఇంటర్ సైన్సు తర్వాత బీఏఎస్ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది. మైసూరులో 1965 నుంచి నడుస్తున్న ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది, కేంద్ర సంస్థ కాబట్టి ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లు. ఆ పైన రెండేళ్ళ ఎమ్మెస్సీ. మేము గట్టిగా పట్టుబట్టేది ఈ ఎమ్మెస్సీ గురించే. మైసూరులో పీజీ విద్యార్థులు డిసర్టేషన్ల కోసం కన్నడ లాంటి భాషల్లో పిల్లల పరీక్షలు తయారుచేశారు. మనోళ్ళు ఒక్కరు అక్కడ కూర్చుంటే కోయలో కూడా పరీక్ష తయారవుతుంది. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది రాయించుకున్న భాష మనది, చిన్నదేం కాదు.

భద్రాచలం ఐటీడీఏ ఏటా కొందరు ఏజెన్సీ పిల్లలకు ఈ కోర్సు కోచింగ్, ఫీజు, హాస్టల్ ఖర్చు భరించాలి. ఈసారి ఇచ్చే వినతిపత్రంలో ఇది మొదటి డిమాండ్‌గా పెట్టాలని సంఘ నాయకులను అడుగుతున్నాం.

మీ ఇంట్లో ఇంటర్ సెకండియర్ బైపీసీ, ఎంపీసీ వాళ్ళుంటే ఈ పోస్టు చూపించండి. కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రాలు ఇప్పుడే తీయించండి, నోటిఫికేషన్ పడ్డాక మీసేవ చుట్టూ తిరిగితే టైం చాలదు. అప్లికేషన్ నింపడానికి మేము తోడుంటాం.