మెరుపు కాదు, కుంగడం చూడండి!

తొలి జీతాలు కూడబెట్టి, పైన ఈఎంఐ పెట్టి లక్షల్లో ఫుల్ సస్పెన్షన్ ట్రైల్ బైక్ కొనాలనుకుంటున్నారా? కార్బన్ ఫ్రేమ్ చూసి మురిసిపోకండి. ఈ సైకిళ్లలో వెనుక చక్రం సాధారణంగా 120-150 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందికీ కదులుతుంది. మీరు ఎక్కి కూర్చోగానే అందులో 25-30 శాతం కుంగాలి. మీ బరువుకు తగ్గట్టు షాక్‌లో గాలి లేకపోతే ఎంత ఖరీదైన బండైనా రాళ్లదారిలో ఎగరేస్తుంది. ఎక్కేటప్పుడు ఊగుతోందా, దిగేటప్పుడు టైరు నేలను పట్టుకుంటోందా అన్నది తొక్కి చూశాకే మార్కులెయ్యండి. షాక్, ఫోర్కులకు తరచూ సర్వీసు కావాలి. ఆ పని తెలిసిన మెకానిక్ దగ్గర్లో ఉన్నాడా? ముందే కనుక్కోండి. నా ఓటైతే మంచి సస్పెన్షన్ ఉన్న అల్యూమినియం బండికే. మిగిలిన డబ్బు సర్వీసుకీ, హెల్మెట్‌కీ పనికొస్తుంది. ఈఎంఐ బరువూ తగ్గుతుంది.