ముంగిట విప్పిన ఇంజను

పాత వస్తువును పారవేయుట నేడు నాగరకత అనిపించుకొంటున్నది. తండ్రి కాలపు కారును ఇంటి ముంగిట నిలిపి, దాని ఇంజను విప్పి బాగుచేసికొనేవానిని చూచి, "ఇంత చదువు చదివి ఈ మసి పని యెందుకు?" అని నవ్వేవారు మన మధిరలోనూ ఉన్నారు. ఆ నవ్వులో ఒక సామాజిక దోషం దాగియున్నదని మా అభిప్రాయం. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

అంబాసిడరు కారు తెలుగువారికి కొత్తది కాదు. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు 1950 దశకం చివర దాని తయారీని ఆరంభించారు. 2014 మే నెలలో ఆ తయారీ ఆగిపోయింది. ఇటు విజయవాడ రోడ్డుపైనను, అటు ఖమ్మం దాటి భద్రాచలం అడవి దారులలోను పెండ్లివారిని, రోగులను, అధికారులను మోసిన ఆ బండి ఇంకను కొన్ని లోగిళ్ళలో మిగిలియున్నది. చిరకాలం అందులో అమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను పోత ఇనుముతో చేసిన నాలుగు సిలిండర్ల యంత్రం. దానికి కంప్యూటరు లేదు. స్పానర్లు, శుభ్రత, ఓర్పు ఉన్నవానికి అది తన మర్మాన్ని దాచుకోదు.

పొగను బట్టి నిప్పును ఊహించుట తర్కశాస్త్రంలో మొదటి పాఠం. పొగ రంగును బట్టి రింగును ఊహించుట మెకానిక్కు తర్కం. సైలెన్సరు నుండి నీలిపొగ వెలువడుతూ ఆయిలు త్వరగా తరుగుతున్నదంటే పిస్టన్ రింగులో, వాల్వు గైడులో అరిగినవని అనుమానించాలి. కంప్రెషన్ గేజి పెట్టి ఒక్కొక్క సిలిండరు బలాన్ని కొలవాలి. బలం తగ్గిన సిలిండరులో కొద్దిగా ఆయిలు పోసి మరల కొలిచినపుడు అంకె పెరిగితే దోషం రింగులది. పెరగకున్న వాల్వులదో, గాస్కెట్టుదో. మా దృష్టిలో ఇంతకంటె చక్కని ప్రయోగశాల పాఠం లేదు.

హెడ్డు దించి, మసి గీకి, పేస్టు పూసి వాల్వులను వాటి సీట్లలో నూరుట ముంగిట చేయదగిన పనియే. హెడ్డు నట్లను మరల బిగించునపుడు నడుమ నుండి అంచులకు, విడతలు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. ఒక మూలను ముందే బిగిస్తే హెడ్డు వంగి గాస్కెట్టు పాడగును. సిలిండరు బోరింగు, క్రాంకుషాఫ్టు గ్రైండింగు మాత్రం యంత్రాలున్న షాపులకే వదలవలెను. అందుకు విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉన్నది. తన చేతి హద్దు తెలిసికొనుట కూడ విద్యలో భాగమే. కేవలం జాకీపై నిలిపిన కారు క్రింద దూరరాదు. బ్యాటరీ తీగ తీయకుండ పని మొదలుపెట్టరాదు. తీసిన పాత ఆయిలును కాలువలో పోయరాదు. అక్కడ పోసినది చివరకు మన నీటిలోనికే చేరుతుంది.

పాత బండ్ల పొగ ఊరికి హాని కదా అని కొందరు అడుగవచ్చు. ఆ వాదంలో సత్యం ఉన్నది. పదునైదేండ్లు నిండిన సొంత కారుకు పరీక్ష జరిపించి రిజిస్ట్రేషను పొడిగించుకోవలెను. ఆ రుసుమును కేంద్ర ప్రభుత్వం 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల నుండి 5,000కు పెంచినది. ఇరువదేండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 చేసినది. అరిగిన ఇంజనుతో పొగ చిమ్ముతూ తిరుగుటను మేము సమర్థించము. బాగుచేసిన పాత ఇంజను సయితం కొత్త ఇంజనుకు సాటి రాదు. మేము కోరునది పాత కార్లు వీధులలో పెరగాలని కాదు. వాటిని విప్పి చూచే విద్య మనలో అంతరించరాదని.

ఈ మాట మన కళాశాలకు మరింత వర్తిస్తుంది. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో తండ్రియో, మేనమామయో, అన్నయో మెకానిక్కు. షెడ్డులో ఆయనను అందరూ "ఉస్తాద్" అని పిలుస్తారు. కళాశాల దరఖాస్తులో తండ్రి వృత్తి వ్రాయవలసివచ్చినపుడు కుమారుని కలం తడబడుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను బొమ్మ గీసి మార్కులు పొందే విద్యార్థి వాల్వును తాకి యెరుగడు. బడి మాని షెడ్డులో వాల్వు నూరే అతని తమ్ముడు ఆ బొమ్మలోని పేర్లు చదువలేడు. ఒకే ఇంటిలో విద్య ఇట్లు రెండు ముక్కలయినది. పదునాలుగేండ్లు నిండని బాలుని షెడ్డు పనిలో పెట్టరాదని 2016 చట్ట సవరణ శాసిస్తున్నది. అయితే పనిని నిషేధించుటతో సరిపోదు. ఆ పనిలోని విద్యను బడిలోనికి తేవలెను. నీరు తోడే యంత్రాలలో క్రాంకు ఉపయోగాన్ని 1206లో ముగించిన తన గ్రంథంలో వర్ణించిన అల్ జజరీ, కలం పట్టిన చేతితోనే పనిముట్టును పట్టినవాడు. ఆ రెండును వేరుచేసికొన్నది మనమే.

కావున కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. పాత సామానుల అంగడి నుండి ఒక ఇంజనును కొని కళాశాల ఆవరణలో రేకుల క్రింద ఉంచండి. వారానికొక సాయంత్రం ఊరిలోని ఒక ఉస్తాదును పిలిచి, అధ్యాపకునికి ఇచ్చే కుర్చీనే ఆయనకు ఇచ్చి, తగిన పారితోషికంతో పాఠం చెప్పించండి. ఆసక్తి గలవారికి ఐ.టి.ఐ.లోని రెండేండ్ల మోటారు మెకానిక్కు కోర్సును గూర్చి తెలుపండి. అనుభవంతో నేర్చిన పనికి పరీక్ష జరిపి ధ్రువపత్రమిచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉన్నదని షెడ్డులలోని యువకులకు చెప్పండి.

విద్యార్థులారా! ఇంజను భాగాల పేర్లను ఉస్తాదుల నోటినుండి సేకరించి, తెలుగు ఉర్దూ లిపులలో ఒక చిన్న పట్టిక తయారుచేయండి. వచ్చే సంవత్సరపు సంచికలో ఆ పట్టికను, దాని ప్రక్కన మీ తండ్రుల వృత్తిని తడబాటు లేకుండ వ్రాసిన మీ పేర్లను చూడగోరుచున్నాము.