ఇంటిస్థలము - పట్టా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలోని నేతపనివానికి ఇల్లే మగ్గపుశాల. పులివెందుల కూలివానికి గుడిసెయే సర్వస్వము. నేలకు పట్టా లేనిచో ఇల్లును, జీవనమును రెండును అస్థిరములే. 2019 అక్టోబరు 15వ తేదీకి ముందు ఆక్షేపణలేని ప్రభుత్వభూములలో ఇండ్లు కట్టుకొనిన పేదలకు 150 చదరపు గజములవఱకు ఉచితముగా క్రమబద్ధము చేయవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరిలో ఉత్తరువిచ్చెను. ఇది న్యాయమని మా యభిప్రాయము. ఆక్రమణకిది బహుమానమని కొందఱందురు. పట్టణమునకు బట్ట నేసి బరువు మోసినవారికి ఆ పట్టణము ముందుగా స్థలము చూపకపోవుటయే తొలి లోపము.

అయినను ఏటిపోరంబోకున, కాలువగట్టున నున్నవారికి ఈ మేలు అందదు. వారిని లేపుటకు ముందే వేఱుచోట స్థలమియ్యవలెను.

విద్యార్థులారా! ఇంటిపన్ను, విద్యుత్తు రసీదులు నివాసమునకు సాక్ష్యములు. చదువురాని పొరుగువారికి వానిని చదివి వినిపింపుడు, భద్రపఱచుకొమ్మని చెప్పుడు.