పై తరగతిలో పసివాడి ఏడుపు

విదేశాలనుంచి మన ఆడపిల్లలు చంటివాళ్లతో బెంగుళూరులోనో చెన్నైలోనో దిగడం యిప్పుడు మామూలైంది గదా! అందుకే యీ నెల యీ ముచ్చట.

2011లో మలేషియా ఎయిర్‌లైన్స్‌వారు బోయింగ్ 747 విమానాల మొదటి తరగతిలోకి చంటిపిల్లలను రానివ్వడంలేదని చెప్పారు. 2016లో మన ఇండిగోవారు కొన్ని వరుసలను 12 యేళ్లలోపువారికి ఇవ్వబోమన్నారు. 2019లో జపాన్ ఎయిర్‌లైన్స్‌వారు పసివాళ్లెక్కడ కూర్చుంటారో సీట్ల పటంలోనే చూపించారు. ఇష్టంలేనివారు దూరంగా సీటు తీసుకోవచ్చు. మాకిదే మర్యాదగా తోచింది.

అంత డబ్బు పోసినాయన నిద్ర కోరడం తప్పుగాదు. అయితే టిక్కెట్టుమీద సీటు నంబరేగాని నిశ్శబ్దమని రాసి వుండదు.

బిడ్డ యేడ్చేది పెంకితనంతో కాదమ్మా. విమానం దిగేటప్పుడు లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. చెవి వెనుకనుండే సన్నని గొట్టం తెరుచుకోకపోతే కర్ణభేరి లోపలికి లాగుకుపోయి నొప్పెడుతుంది. మనం గుటకవేసి సర్దుకుంటాం. పసివాడికా కిటుకు తెలియదు. కనుక విమానం దిగడం మొదలుపెట్టగానే పాలు పట్టండి. (అమ్మమ్మలు ఎక్కీ ఎక్కకముందే కడుపునిండా పట్టేస్తారు!) నిద్రలో గుటకలు తక్కువ గనుక లేపి పట్టినా దోషంలేదు. పక్కాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ముందు సీసా తియ్యండి.